పళ్ళున్న పట్టా

బ్యాంకు గుమ్మం పక్కన స్టూలు వేసుకుని కూర్చునే గార్డు చేతిలో పొడుగాటి తుపాకి ఉంటుంది చూడండి, దాన్ని పన్నెండు బోరు అంటారు. పన్నెండు ఏమిటి? అంగుళాలు కావు, సెంటీమీటర్లూ కావు. ఒక పౌను సీసాన్ని కరిగించి పన్నెండు సమానమైన గోళీలుగా పోస్తే, అందులో ఒక గోళీ ఇరుకూ వదులూ లేకుండా పట్టే గొట్టం పన్నెండు బోరు. కాగితం మీద సరిచూసుకోవచ్చు. పౌను అంటే 453.6 గ్రాములు, అందులో పన్నెండో వంతు 37.8. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు కాబట్టి గోళీ ఘనపరిమాణం 3.33 ఘన సెంటీమీటర్లు, వ్యాసం 18.5 మిల్లీమీటర్లు. తుపాకి గొట్టాన్ని కొలిచినా దాదాపు ఇంతే వస్తుంది. ఈ లెక్కలో అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఇరవై బోరు కన్నా పన్నెండు బోరు లావు. చేనేతవాళ్ళకి ఈ తలకిందుల లెక్క కొత్త కాదు. నలభయ్యో నంబరు నూలు కన్నా నూరో నంబరు నూలు సన్నం. అక్కడా మూలం పౌనే: పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే అది నంబరు.

గార్డు చేతిలోది చాలాసార్లు ఒంటి గొట్టమో జంట గొట్టాలో ఉన్న పాతకాలపు రకం. పేల్చాక నడుం దగ్గర విరిచి, ఖాళీ తూటా తీసేసి, కొత్తది పెట్టాలి. దీనికి అమెరికాలో ఒక దాయాది ఉంది. గొట్టం కింద ఎడమచేతికి అందేలా ఒక పిడి ఉంటుంది. దాన్ని వెనక్కి లాగితే లోపలి బోల్టు తాళం వీడి వెనక్కి జరుగుతుంది, కాలిన తూటా పక్కకి ఎగిరిపడుతుంది. ముందుకి తోస్తే, కింది గొట్టంలో వరసగా పడుకున్న తూటాల్లో ఒకటి పైకి లేచి గొట్టం మొదట్లోని గదిలో కూర్చుంటుంది, తాళం పడుతుంది. బోరింగు కొట్టినట్టే. అందుకే పంప్ యాక్షన్ అన్నారు. ఈ పనికి కావలసిన శక్తంతా మనిషి చేతిదే. తూటాలో మందు ఎక్కువున్నా తక్కువున్నా, సీసమున్నా రబ్బరున్నా యంత్రానికి పట్టదు. పేలుడు వాయువుతోనో, వెనక్కి తన్నే ఊపుతోనో తమంతట తామే తిరిగే తుపాకులకి ఈ వెసులుబాటు లేదు. బలహీనమైన తూటా పెడితే సగంలో ఆగిపోతాయి. నూటపాతికేళ్ళు దాటినా పంపు పోకపోవడానికి ఇదే పెద్ద కారణం.

క్రిస్టఫర్ స్పెన్సర్ 1882లోనే ఒక పంపు తుపాకి చేశాడు. అంగట్లో నిలబడ్డది మాత్రం జాన్ బ్రౌనింగ్ వించెస్టర్ కంపెనీ కోసం గీసిన 1893 నమూనా, దాన్ని దిద్ది తీసిన 1897 నమూనా. బాతులనీ కౌజులనీ కొట్టుకోవడానికి కొన్నవాళ్ళే ఎక్కువ. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం ఈ వేట తుపాకినే కందకాల్లోకి తీసుకెళ్ళాలనుకుంది. గొట్టం పొట్టిగా చేశారు. వరసగా పేలిస్తే గొట్టం కాలిపోయి చేయి పట్టుకోలేదు కాబట్టి, దాని మీద చిల్లుల రేకు ఒకటి తొడిగారు. మూతి దగ్గర 43 సెంటీమీటర్ల బాయినెట్టు తగిలించే కొక్కెం బిగించారు. ఇవాళ తుపాకుల పత్రికల అట్టల మీద మెరిసే తగిలింపు సామాన్లన్నిటికీ ముత్తాత ఈ చిల్లుల రేకు. 1918 సెప్టెంబరులో జర్మనీ అధికారికంగా నిరసన తెలిపింది, అనవసరమైన బాధ కలిగించే ఆయుధమని యుద్ధనియమాల హేగ్ ఒప్పందాన్ని చూపించింది. అమెరికా విదేశాంగ మంత్రి రాబర్ట్ లాన్సింగ్ ఒప్పుకోలేదు. విషవాయువు వదిలినవాళ్ళు బాతుల తుపాకి గురించి ఫిర్యాదు చెయ్యడం విడ్డూరమే. నవంబరులో యుద్ధమే అయిపోయింది.

ఆ రేకూ కొక్కెమూ ఆ తుపాకి కోసమే కొలిచి చేసినవి. ఇంకో తుపాకికి ఎక్కవు. తరవాత డెబ్భై ఎనభై ఏళ్ళూ ఇదే తంతు. రెమింగ్టన్ 870 అనే పంపు తుపాకి 1950లో వచ్చింది, 2009 నాటికి కోటి దాటింది. మాస్‌బర్గ్ 500 అరవైల మొదట్లో వచ్చింది. పోలీసు కార్లలో, పొలం ఇళ్ళలో, వేటగాళ్ళ జీపుల్లో ఈ రెండే. వీటికి టార్చిలైటు కట్టాలంటే? గొట్టాలకి బిగించే ఇనుప క్లిప్పులు, ఇన్సులేషన్ టేపు, లేదా ఎవరో కమ్మరి చేసిచ్చిన పట్టీ. పదిసార్లు పేలిస్తే లైటు ఒకవైపు, తుపాకి ఒకవైపు.

దుర్భిణులు కట్టుకునే రైఫిళ్ళకి మాత్రం అప్పటికే ఒక దారి ఉంది. టెక్సస్‌లోని ఎల్ పాసోలో విలియం వీవర్ అనే ఆయన ముప్పయిల నుంచీ సామాన్యులు కొనగలిగే దుర్భిణులు చేసేవాడు. వాటిని బిగించడానికి ఒక చదునైన పట్టా, దానికి అడ్డంగా గాడి. గాడి వెడల్పు 4.57 మిల్లీమీటర్లు. కానీ గాడికీ గాడికీ మధ్య ఎడం ఎంతుండాలో ఎవరూ రాసిపెట్టలేదు. ఒకరి పట్టా మీద రెండు గాళ్ళు, ఇంకొకరి పట్టా మీద నాలుగు, ఎవరి ఇష్టం వాళ్ళది. నా దృష్టిలో ఈ కథంతా తిరిగేది ఈ చిన్న నిర్లక్ష్యం చుట్టూనే.

న్యూజెర్సీలో పికటిన్నీ అని అమెరికా సైన్యపు ఆయుధ పరిశోధన కేంద్రం ఉంది. వీవర్ పట్టాని తీసుకుని అక్కడివాళ్ళు చేసింది కొత్త ఆవిష్కరణేమీ కాదు, కొలతలు రాసిపెట్టడం. 1995 ఫిబ్రవరిలో సైన్యం దాన్ని 1913 నంబరు ప్రమాణంగా ప్రకటించింది. గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు. లోతు 3 మిల్లీమీటర్లు. ఒక గాడి నడుమ నుంచి పక్క గాడి నడుమకి 10.01 మిల్లీమీటర్లు. ఎడం ఒకటే కాబట్టి ఎంత పొడవు కావాలంటే అంత కోసుకోవచ్చు. పక్కనుంచి చూస్తే రంపం పళ్ళలా, మొసలి వీపులా ఉంటుంది. వీవర్ గాడికీ దీనికీ తేడా 0.66 మిల్లీమీటర్లు, ఒక మందపాటి అట్టముక్కంత. ఆ కాస్త తేడావల్ల వీవర్ కోసం చేసిన పరికరాలు చాలావరకు పికటిన్నీ పట్టా మీద కూర్చుంటాయి గాని పికటిన్నీ పరికరాలు వీవర్ గాడిలో దూరవు. మీటరు గేజి నుంచి 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజికి సరుకంతా కూలీలు మోసి మార్చిన రోజులు చూసిన పెద్దవాళ్ళకి ఈ 0.66 విలువ వేరే చెప్పక్కర్లేదు. 2009లో నాటో దేశాలు అదే పట్టాని మెట్రిక్ కొలతల్లోకి తెచ్చి, అనుమతించే తేడాలు ఇంకా బిగించి తమ ప్రమాణం చేసుకున్నాయి.

సైనిక రైఫిళ్ళ కోసం పుట్టిన ఈ పట్టా పంపు తుపాకి మీదికి ఎక్కినప్పుడే అసలు పరీక్ష. ఎందుకో లెక్క వేద్దాం. మామూలు పన్నెండు బోరు తూటాలో 32 గ్రాముల సీసపు గుళ్ళు సెకనుకి 365 మీటర్ల వేగంతో బయటికి పోతాయి. గుళ్ళ వెనక ఉండే ప్లాస్టిక్ గిన్నెనీ కాలిన మందు వాయువునీ కలిపితే మొత్తం ద్రవ్యవేగం సెకనుకి సుమారు 13 కిలోగ్రాము-మీటర్లు. తుపాకి బరువు 3.2 కిలోలు అనుకుంటే, అది సెకనుకి నాలుగు మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. భుజానికి తగిలే శక్తి 26 జూళ్ళు. కిలో రాయి రెండున్నర మీటర్ల పైనుంచి పడ్డంత. ఇది అందరికీ తెలిసిన తన్నుడు. పట్టాకి సంబంధించిన లెక్క దీని తరవాత మొదలవుతుంది. ఈ వేగం అందుకోవడానికి తుపాకికి పట్టే సమయం దాదాపు మూడు మిల్లీసెకన్లు. అంటే త్వరణం భూమి ఆకర్షణకి 130 రెట్ల పైమాటే, అదీ సగటున. పట్టా మీద 150 గ్రాముల గురి అద్దం ఉందనుకోండి. ఆ క్షణంలో దాన్ని తుపాకితో పాటు వెనక్కి లాగడానికి కావలసిన బలం 20 కిలోల బరువుకి సమానం. అర కిలో లైటు అయితే 65 కిలోలు. ఒక మనిషి ఆ స్క్రూలకి వేలాడినట్టు.

స్క్రూలేమో మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల లావు. రిసీవరు పైన, అంటే బోల్టు కదిలే పెట్టె పైన, సాధారణంగా నాలుగు. రెమింగ్టన్ 870 రిసీవరు ఉక్కు దిమ్మె నుంచి చెక్కింది కాబట్టి మరలు గట్టిగా ఉంటాయి. మాస్‌బర్గ్ 500ది అల్యూమినియం. అతిగా బిగిస్తే మరలు అరిగి స్క్రూ ఒట్టినే తిరుగుతుంది. చాలామంది అనుకునేది స్క్రూ కాడే ఆ 20 కిలోలూ అడ్డంగా ఆపుతుందని. సవ్యంగా బిగించిన చోట దాని పని వేరు. అది పట్టానీ రిసీవరునీ ఒకదానికొకటి అదిమి పడుతుంది, జారకుండా ఆపేది వాటి మధ్య రాపిడి. అదిమే బలం తగ్గినా, మధ్యలో నూనె పొర ఉన్నా, పట్టా ఒక వెంట్రుకంత జారుతుంది. అప్పుడు భారం నిజంగానే స్క్రూ కాడ మీద పడుతుంది, నాలుగు తూటాలకి వదులవుతుంది. అందుకే పనితెలిసిన గన్‌స్మిత్ బిగించే ముందు రెండు ముఖాలూ స్పిరిట్‌తో తుడుస్తాడు, బలాన్ని కొలిచే స్పానరు వాడతాడు, మరల మీద లోక్‌టైట్ చుక్క వేస్తాడు.

ఆ లోక్‌టైట్ సీసా ఎప్పుడైనా కొన్నారా? కొత్తదైనా నిండుగా ఉండదు. అంగడివాడి మోసం కాదు. వెర్నన్ క్రీబుల్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు 1953లో తయారుచేసిన ఈ జిగురు తతిమ్మా జిగుర్లకి పూర్తిగా విరుద్ధం: గాలి తగిలినంతసేపూ నీళ్ళలా ఉంటుంది, గాలి అందని చోట లోహం తాకితే గట్టిపడుతుంది. మరల సందులో గాలి ఉండదు, రెండు వైపులా లోహం. సీసాలో ఖాళీ వదిలేది అది గడ్డకట్టకుండా ఉండటానికే.

పట్టాకీ దాని మీది పరికరానికీ మధ్య అతుకులో ఇంకో సూక్ష్మం ఉంది. పరికరం అడుగున అడ్డంగా ఒక కడ్డీ ఉండి గాడిలో దిగుతుంది. గాడి కన్నా కడ్డీ కాస్త సన్నం, కాబట్టి కొంచెం ఆట ఉంటుంది. దాన్ని ముందుకి, అంటే మూతి వైపు నెట్టి ఉంచి బిగించాలి. తుపాకి వెనక్కి తన్నుతుంది కదా, మరి వెనక్కి నెట్టాలి గాని ముందుకి ఎందుకు? ఆగివున్న బస్సు ఉన్నట్టుండి రివర్సులో కదిలితే నిలబడ్డ ప్రయాణికులు డ్రైవరు వైపు తూలతారు. తుపాకి బస్సు, పరికరం ప్రయాణికుడు. ముందుగానే గాడి ముందు గోడకి ఆనించి పెడితే తూలడానికి చోటు ఉండదు. ఈ గోడ ఉండటమే పళ్ళ పట్టా గొప్ప. నున్నటి పట్టాలయితే రాపిడి ఒక్కదాన్నే నమ్ముకోవాలి.

పట్టా చాలావరకు అల్యూమినియమే. పైన నల్లగా, గరుకుగా కనిపించేది పూసిన పెయింటు కాదు. ఆమ్లంలో ముంచి విద్యుత్తు పంపిస్తే అల్యూమినియం పైపొరే ఆక్సైడుగా మారుతుంది. కెంపులూ నీలాలూ కూడా అల్యూమినియం ఆక్సైడే. అంత గట్టి పొర గనకనే వందసార్లు బిగించి విప్పినా గాళ్ళ అంచులు అరగవు. అయితే అల్యూమినియం పట్టాని ఉక్కు రిసీవరు మీద బిగించి సముద్రం ఒడ్డున వాడితే, ఉప్పు చెమ్మలో ఆ రెండూ చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. పొర ఎక్కడైనా గీసుకుపోయి ఉంటే అక్కడ అల్యూమినియం మెల్లగా తెల్లపొడి అవుతుంది.

ఇంత చేసి దాని మీద పెట్టేదేమిటి? ఎక్కువమంది పెట్టేది ఎర్రచుక్క అద్దం. అద్దంలోంచి చూస్తే దూరంగా ఉన్న గురి మీద ఎర్రటి చుక్క కనబడుతుంది. విచిత్రమేమిటంటే తల కాస్త పక్కకి జరిపినా చుక్క గురినే అంటిపెట్టుకుని ఉంటుంది. రాత్రి రైల్లో కిటికీ పక్కన కూర్చున్న పిల్లలకి చందమామ తమతోపాటే వస్తున్నట్టు అనిపిస్తుంది కదా, అదే కిటుకు. చాలా దూరం నుంచి వచ్చే కిరణాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి, మనం ఎటు జరిగినా అదే దిక్కు నుంచి వస్తాయి. ఎర్రచుక్క అద్దంలో ఒక బుల్లి ఎల్ఈడీని వంపు అద్దానికి సరిగ్గా నాభి దగ్గర పెడతారు. దాని కాంతి అద్దం మీద పడి సమాంతర కిరణాలుగా కంటికి చేరుతుంది. చుక్క రెండు అంగుళాల అవతల ఉన్నా, కన్ను మాత్రం దాన్ని చందమామంత దూరాన ఉందనుకుంటుంది. అద్దం మీది పూత ఎరుపుని మాత్రమే తిప్పికొట్టి మిగతా రంగుల్ని పోనిస్తుంది. అందుకే అందులోంచి లోకం కాస్త నీలంగా కనిపిస్తుంది.

ఈ ఆలోచన 1900లో హోవర్డ్ గ్రబ్ అనే డబ్లిన్ దుర్భిణుల మేస్త్రీది. అప్పుడు ఎల్ఈడీలు లేవు, కటకమూ వాలుగా పెట్టిన గాజుపలకా వాడాడు. తుపాకుల వాళ్ళ కన్నా ఖగోళ శాస్త్రజ్ఞులకే ఎక్కువ తెలిసిన మనిషి. అదే రోజుల్లో హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ సొంత ఖర్చుతో నక్షత్రశాల పెట్టాలనుకుని తెప్పించిన 15 అంగుళాల దుర్భిణి ఈ గ్రబ్ కంపెనీదే. ఫిసల్‌బండలో మొదలైన ఆ నక్షత్రశాల తరవాత బేగంపేటకి చేరింది, నిజామియా అబ్జర్వేటరీగా పేరు పడింది, ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. నక్షత్రం నుంచి వచ్చే సమాంతర కిరణాల్ని ఒక బిందువు దగ్గరకి చేర్చడం దుర్భిణి పని. బిందువు నుంచి బయల్దేరిన కిరణాల్ని సమాంతరం చెయ్యడం గురి అద్దం పని. ఒకే కటకాన్ని ఇటు తిప్పితే బేగంపేట, అటు తిప్పితే తుపాకి. 1975లో స్వీడన్‌కి చెందిన ఎయిమ్‌పాయింట్ కంపెనీ బ్యాటరీతో వెలిగే ఎర్రచుక్కని అంగట్లో పెట్టింది. ఇప్పటి వాటిలో కొన్ని ఒక్క బటన్ బ్యాటరీతో 50 వేల గంటలు, అంటే అయిదేళ్ళ పైన, ఆర్పకుండా వెలుగుతాయి.

గుళ్ళు చెదిరిపోయే తుపాకికి గురి అద్దం దేనికి అని అడిగేవాళ్ళున్నారు. మన సినిమాల్లో హీరో నడుం దగ్గర పెట్టి ఒక్కసారి పేలిస్తే నలుగురు విలన్లు గాల్లోకి ఎగురుతారు. ఇది సినిమా భౌతికశాస్త్రం. అమెరికా వేటగాళ్ళ మోటు లెక్క ప్రకారం గజం దూరానికి ఒక అంగుళం చొప్పున గుళ్ళు విచ్చుకుంటాయి. గది ఈ గోడ నుంచి ఆ గోడకి అయిదు మీటర్లు అనుకుంటే, గుళ్ళ గుత్తి జానెడు కూడా ఉండదు. జానెడు తప్పితే మొత్తం తప్పినట్టే, లేదా తగలకూడనిదానికి తగిలినట్టే. ఎదుటివాళ్ళు ఎగరడం గురించి కూడా ఇందాకటి లెక్కే చెబుతుంది: కొట్టినవాడి భుజాన్ని ఎగరగొట్టని ద్రవ్యవేగం తగిలినవాణ్ణి ఎగరగొట్టలేదు.

అద్దంతో ఒక తంటా కూడా వస్తుంది. పంపు తుపాకి మడమని, అంటే భుజానికి ఆనించే చెక్కని, గొట్టం చివరి ఇత్తడి పూసని చూసేవాడి చెంపకి సరిపోయేలా చెక్కారు. దాని మీద పట్టా, పట్టా మీద అద్దం పెడితే చూపు రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేస్తుంది. చెంప గాల్లో ఉంటుంది, గడ్డం ఆనుతుంది. అప్పుడు మడమకి చెంపదిండు కొంటారు, లేకపోతే మడమే మార్చేస్తారు. ఒకటి బిగిస్తే రెండోది అడుగుతుంది.

లైటు సంగతి ఇంకా తమాషా. వెనకటి టార్చిబల్బుల్లో ఉండే సన్నటి తీగ 130 రెట్ల కుదుపుకి పుటుక్కున తెగేది, బల్బుని రబ్బరులో, స్ప్రింగుల్లో కూర్చోబెట్టాల్సి వచ్చేది. ఎల్ఈడీలో తెగడానికి తీగ లేదు. తెల్ల ఎల్ఈడీకి ప్రాణమైన నీలి ఎల్ఈడీని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ ఇచ్చింది గదులు వెలిగించినందుకు. తుపాకి లైట్ల వాళ్ళు కూడా లోపల్లోపల దణ్ణం పెట్టుకునే ఉంటారు. కానీ ఆ లైటు ఎక్కడ పెట్టాలి? చేయి ఉండేది ముందు పిడి మీద, స్విచ్చు బొటనవేలికి అందాలి, కాబట్టి పిడికే ఒక పట్టా ముక్క తగిలించి అక్కడ పెడతారు. పిడేమో కదిలే వస్తువు. పేల్చిన ప్రతిసారీ పది సెంటీమీటర్లు వెనక్కీ పది సెంటీమీటర్లు ముందుకీ, లైటూ దానితోపాటే. పిడికి పావుకిలో బరువు చేరితే ఆ పావుకిలోనీ ప్రతిసారీ చెయ్యే లాగాలి, ఆపాలి, మళ్ళీ తొయ్యాలి. కంగారులో పూర్తిగా వెనక్కి లాగకుండానే ముందుకి తోసేస్తే కొత్త తూటా లేవదు. ఈ తుపాకికి ఉన్న పాత జబ్బే అది, బరువు పెరిగితే ముదురుతుంది. పోనీ లైటుని కదలని చోట, తూటాల గొట్టం చివర కడదామా అంటే స్విచ్చు అందదు. వైరు లాగి స్విచ్చుని పిడి మీద అంటిస్తే, పిడి కదిలినప్పుడల్లా వైరు లాగుతుంది, నెల తిరక్కుండా తెగుతుంది. ఇంకో చిక్కు: తుపాకికి కట్టిన లైటుతో దేన్ని చూడాలన్నా తుపాకిని దాని వైపు తిప్పాలి. చీకట్లో అలికిడి ఇంట్లో పిల్లవాడిదో పిల్లిదో తెలుసుకోవడానికి నిండు తుపాకిని వాడి వైపు పెట్టడం ఏ శిక్షకుడూ ఒప్పుకోడు. జేబులో విడి టార్చి లేకుండా ఈ లైటు ఉండి లాభం లేదని నా అభిప్రాయం.

రిసీవరు పక్కన ఆరు తూటాలు దోపుకునే తొడుగు ఇంకొకటి. 870 మీద దాన్ని బిగించడానికి ట్రిగ్గరు పెట్టెని పట్టి ఉంచే పిన్నులనే తీసి, వాటి స్థానంలో పొడుగు స్క్రూలు పెడతారు. గట్టిగా ఉండాలని కాస్త ఎక్కువ తిప్పారో, రిసీవరు గోడలు లోపలికి నొక్కుకుని పిడి బిగుసుకుపోతుంది. తుపాకి పాడైందని మెకానిక్కు దగ్గరికి తెస్తే అతను పావు తిప్పు వదులు చేసి ఇచ్చేస్తాడు.

ఇప్పుడు మొత్తం తూకం వేద్దాం. పట్టా 80 గ్రాములు, అద్దం 150, లైటూ దాని బిగింపూ 250, ఆరు తూటాలూ తొడుగూ 400, భుజానికి వేసుకునే పట్టీ 120. మొత్తం సరిగ్గా కిలో. 3.2 కిలోల తుపాకి 4.2 అయింది. వెనక్కి వచ్చే వేగం సెకనుకి 3.1 మీటర్లకి పడిపోతుంది, భుజానికి తగిలే శక్తి 26 నుంచి 20 జూళ్ళకి తగ్గుతుంది. బిగించినవాడు మెత్తగా ఉందని మురిసిపోతాడు. కానీ ఆ కిలోలో ఎంత భాగం మూతి వైపు ఉందన్నదాని మీద మిగతా కథ ఉంటుంది. బిందెని ఒంటికి ఆనించి మోయడం వేరు, చేయి చాచి మోయడం వేరు. మూతి దగ్గరి 250 గ్రాములు తుపాకి తిప్పడాన్ని ఎంత మందగింపజేస్తాయో, మడమలోని కిలో కూడా అంత మందగింపజెయ్యదు, ఎందుకంటే జడత్వ భ్రామకం దూరపు వర్గంతో పెరుగుతుంది. పావుగంట తుపాకిని అటూ ఇటూ తిప్పుతూ గురిపెడితే భుజం ఈ సూత్రాన్ని బడిపంతులు కన్నా బాగా చెబుతుంది.

ఇవన్నీ అమెరికాలో దుకాణంలో కొని ఇంటి బల్ల మీద బిగించుకునేవే. అక్కడ కూడా గొట్టం 18 అంగుళాలకీ, మొత్తం పొడవు 26 అంగుళాలకీ తగ్గకూడదని 1934 నాటి చట్టం గిరి గీసింది. దుకాణాల్లో దొరికే పొట్టి గొట్టాలు పద్దెనిమిదో పద్దెనిమిదిన్నరో ఉండేది అందుకే. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకే లేదు, 2019 సవరణతో లైసెన్సు ఉన్నవాళ్ళకి కూడా రెండుకి మించి కుదరవు.

పళ్ళ పట్టా ఒకచోటికి పరిమితం కాలేదు. పైన ఒకటి చాలనిపించక పిడికి రెండు పక్కలా, కిందా కూడా పట్టాలు వచ్చాయి. నాలుగు వైపులా రంపం పళ్ళు. వాటిని అరచేత్తో పట్టుకుని పంపు కొడితే చర్మం లేచిపోతుంది. అప్పుడు అంగట్లోకి కొత్త సరుకు దిగింది: వాడని పళ్ళ మీద కప్పడానికి రబ్బరు తొడుగులు. సామాన్లు తగిలించడానికి పట్టా కొన్నవాళ్ళు, పట్టాని కప్పడానికి ఇంకో సామాను కొన్నారు. 2014లో మాగ్‌పుల్ కంపెనీ ఎమ్‌లాక్ తెచ్చింది. ఉబ్బెత్తు పళ్ళకి బదులు పిడి నున్నగా ఉండి, అందులో పొడుగాటి చిల్లులు మాత్రమే ఉంటాయి. పరికరం అడుగున ఉన్న చిన్న బిళ్ళ చిల్లులో దూరి, పావు తిప్పు తిరిగి, లోపలినుంచి పట్టేస్తుంది. చేతికి సుఖం, బరువూ తక్కువ. 2017లో అమెరికా నౌకాదళపు క్రేన్ కేంద్రం కీమాడ్ అనే పోటీ పద్ధతితో పోల్చి పరీక్షించి, ఎమ్‌లాక్‌నే మెచ్చింది. పళ్ళ పట్టాకి కాలం చెల్లిందన్నారు. కానీ జనం దగ్గర అప్పటికే ఉన్న లైట్లూ అద్దాలూ అన్నీ పాత గాడి కొలతకి చేసినవి. అందుకని ఇప్పుడు ఎమ్‌లాక్ పిడి కొన్నవాళ్ళు దానితోపాటు వేలెడు పొడవున్న ఇంకో ముక్క కూడా కొంటున్నారు. అడుగున ఎమ్‌లాక్ బిళ్ళలు, పైన అవే పళ్ళు, గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు.